బొగ్గు మాది, బూడిద మాది. ప్లగ్గు మాత్రం ఎవరిది?

పాఠకులారా, ఈ బ్లాగులో ఇంతవరకు రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, గర్భిణుల రక్తహీనత వంటి విషయాలను ముచ్చటించుకున్నాం. నేడు విద్యుత్ వాహనాల ఛార్జింగ్ కేంద్రాలను గురించి వ్రాయబూనితే, డాక్టరుగారు పదవీ విరమణ తరువాత దారి తప్పారని మీలో కొందరు అనుకోవచ్చు. దారి తప్పలేదు. ఊపిరితిత్తుల జబ్బులకు ఇంతకాలం మందులు వ్రాసినవాడిని. ఆ జబ్బులు పుట్టే చోటును గురించి వ్రాయకపోతే నా వైద్యం సగంలో ఆగిపోయినట్లేనని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఉద్యోగపు చివరి సంవత్సరాలలో కరీంనగర్‌లో నా దగ్గరకు ఒక ఆటో డ్రైవరు తరచూ వచ్చేవాడు. వయసు నలభై దాటలేదు. బీడీ, సిగరెట్టు ముట్టని మనిషి. ఇరవై ఏళ్లుగా డీజిల్ ఆటో నడుపుతున్నాడు. చలికాలం వస్తే చాలు, దగ్గు, ఆయాసం, రాత్రి నిద్ర లేకపోవడం. ఇన్‌హేలర్ వ్రాసి, "పొగకు దూరంగా ఉండాలి" అని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. అతడు నవ్వేవాడు. పొగలోనే అన్నం పుట్టేవాడికి పొగకు దూరంగా ఉండమని చెప్పడం ఎంత హాస్యాస్పదమో ఆ నవ్వు చూశాకే నాకు అర్థమైంది. ఒకనాడు కరెంటు ఆటో కొనరాదా అని అడిగాను. "కొందామనే ఉన్నది సార్. లోను గూడ ఇస్తమన్నరు. కని ఛార్జింగ్ ఏడ పెట్టుకోవాలె? మాది కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. ఓనరు మీటరు ముట్టనియ్యడు" అన్నాడు.

నా వాదమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది. విద్యుత్ వాహనాలను ప్రోత్సహిస్తున్నామని ప్రభుత్వాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ఆ ప్రోత్సాహం ఎవరికి అందింది? పొగను ఎక్కువగా పీల్చేవాడికి అందిందా, లేక సొంత ఇల్లు, సొంత గ్యారేజీ, సొంత మీటరు ఉన్నవాడికి అందిందా?

ముందుగా పొగ సంగతి చెప్పుకుందాం. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించి, దానిని మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న జాబితా అది. పొగలోని సూక్ష్మ ధూళి కణాలు, అంటే రెండున్నర మైక్రాన్లకన్నా చిన్నవి, ముక్కులోని వెంట్రుకలకు గానీ గొంతులోని తేమకు గానీ చిక్కవు. ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాకా వెళ్లి, అక్కడి నుండి నెత్తురులో కలుస్తాయి. అందువల్ల వాటి నష్టం దగ్గుతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ శిశువులు, ఇవన్నీ ఆ కణాల ఖాతాలోనివే. ఇటువంటి కణాలు ఘనపు మీటరు గాలిలో సంవత్సర సగటున 5 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 40. మన ప్రమాణాన్ని పాటించిన ఊరు కూడా ఆ హద్దుకు ఎనిమిది రెట్ల దూరంలో ఉండవచ్చునన్నమాట.

ఈ పొగ అందరికీ సమానంగా పంచబడదు. అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని వెళ్లేవారికి కొంత. కరీంనగర్ బస్టాండు ముందు, తెలంగాణ చౌక్ దగ్గర, టవర్ సర్కిల్ సందుల్లో పొద్దుటి నుండి రాత్రి దాకా నిలబడే ఆటో డ్రైవరుకు, పూలమ్మే ఆమెకు, మిర్చి బజ్జీల బండి అతనికి, ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు పూర్తి వాటా. తల్లి చేయి పట్టుకుని నడిచే నాలుగేళ్ల పిల్ల ముక్కు సరిగ్గా వాహనాల పొగగొట్టాల ఎత్తులోనే ఉంటుంది. ఆదిలాబాదులో చలికాలం మరీ కష్టం. రాత్రివేళ నేలను ఆనుకున్న గాలి చల్లబడి, దానిపై వెచ్చని గాలి మూతవలె పరచుకుంటుంది. పొగ పైకి పోలేక ఊరి మీదనే నిలిచిపోతుంది. తెల్లవారుజామున కూలికి బయలుదేరేవారు ఆ మూత కింద ఊపిరి పీలుస్తారు.

ఇక ప్రోత్సాహకాల సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరులో విద్యుత్ వాహనాల విధానాన్ని ప్రకటించింది. మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు, 20 వేల ఆటోలకు, మరికొన్ని తరగతులకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. 2024 నవంబరులో ఆ సంఖ్యల పరిమితిని ఎత్తివేసి, 2026 డిసెంబరు 31 వరకు పూర్తి మినహాయింపు ఇచ్చింది. దీనిని నేను తప్పుపట్టడం లేదు. అయితే లెక్క చూడండి. ఇరవై లక్షల రూపాయల కారు కొన్నవారికి ఈ మినహాయింపు వల్ల మిగిలేది మూడు లక్షల పైమాటే. ఆటోపై పన్నే అంతంత మాత్రం కనుక, పూర్తిగా మాఫీ చేసినా అతనికి మిగిలేది స్వల్పం. ప్రజాధనంలోంచి పెద్ద వాటా ఎవరి గ్యారేజీలోకి వెళ్లిందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు.

ఛార్జింగ్ కేంద్రాల పంపకం కూడా ఇదే తీరు. కేంద్ర ప్రభుత్వపు ఫేమ్ రెండవ దశ పథకం 2019 ఏప్రిల్‌లో 10 వేల కోట్ల రూపాయలతో మొదలైంది. అందులో వెయ్యి కోట్లు ఛార్జింగ్ సదుపాయాలకు. 2020 జనవరిలో దేశంలోని 62 నగరాలకు 2,636 కేంద్రాలు మంజూరు చేశారు. తెలంగాణకు దక్కినవి 138. వాటిలో హైదరాబాదుకు 118, వరంగల్‌కు 10, కరీంనగర్‌కు 10. ఆదిలాబాదుకు ఒక్కటీ లేదు. నీరు పల్లమెరుగునంటారు. నిధులు మాత్రం ఎత్తునే వెతుక్కుంటూ పోతాయి.

ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లుంది ఈ వ్యవహారం. బండి కొనడానికి లక్షల రాయితీ, బండికి కరెంటు పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు. అధికారులను అడిగితే, "ముందు బండ్లు పెరగనివ్వండి, గిరాకీ వస్తే ప్రైవేటువారే కేంద్రాలు పెడతారు" అంటారు. బండి కొనేవాడేమో ముందు కేంద్రం రావాలంటాడు. చెట్టు ముందా, విత్తు ముందా అనే ఈ తగవుకు ఆర్టీసీ మన కరీంనగర్‌లోనే సమాధానం చెప్పింది. 2024 సెప్టెంబరు నెలాఖరులో ఇక్కడి నుండి హైదరాబాదుకు ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సులు మొదలయ్యాయి. ఆ బస్సులను రోడ్డెక్కించడానికి ముందు ఏం చేశారు? డిపోకు ప్రత్యేక విద్యుత్ సరఫరా తెచ్చారు, ఛార్జర్లు బిగించారు. ఆ తరువాతనే బస్సులు కదిలాయి. గిరాకీ పెరిగాక చూద్దామని ఎవరూ అనలేదు. ఛార్జరు లేనిదే బస్సు కదలదని ప్రభుత్వానికి తెలుసు. అదే ప్రభుత్వం ఆటో డ్రైవరు దగ్గరకు వచ్చేసరికి, ముందు నీవు అప్పు చేసి బండి కొను, ఛార్జరు సంగతి తరువాత ఆలోచిద్దాం అంటున్నది. బస్సుకు వర్తించిన తర్కం ఆటోకు ఎందుకు వర్తించదు?

బహిరంగ ఛార్జింగ్ లేకపోవడం వల్ల కలిగే రెండవ కీడు అగ్నిప్రమాదం. వైద్యుడిగా నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో రాత్రి ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, ఒక వృద్ధుడు మరణించాడు. కుటుంబసభ్యులకు గాయాలయ్యాయి. అదే ఏడు సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూమున్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తులలోని లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది చనిపోయారు. ఇటువంటి ప్రమాదాలలో మంటకన్నా ముందు పొగ చంపుతుంది. లిథియం బ్యాటరీ కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి. తలుపులు వేసి ఉన్న గదిలో నిద్రలో ఉన్నవారికి లేచి పరుగెత్తే వ్యవధి ఉండదు. ఆ ఘటనల తరువాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది, 2022 డిసెంబరు నుండి దశలవారీగా అమలుకు తెచ్చింది. మంచిదే. కాని బ్యాటరీని పడకగదిలో, మెట్ల కింద, గ్యాస్ సిలిండరు పక్కన ఛార్జి చేసుకోవలసిన గతి మనిషికి ఎందుకు పట్టింది? బయట పెట్టుకునే చోటు లేకనే గదా.

కొందరు మిత్రులు వేసే ప్రశ్న ఒకటుంది. "మన కరెంటు వచ్చేది బొగ్గు నుండే. ఇక్కడ పొగ తగ్గించి అక్కడ పెంచితే లాభమేమిటి?" ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. మన ప్రాంతంలో అది పుస్తకాల ప్రశ్న కాదు, బ్రతుకు ప్రశ్న. రామగుండం ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో వెలిగింది. ఆ కేంద్రపు సామర్థ్యం క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం వచ్చింది. దాని రెండవ యూనిట్‌ను ప్రధానమంత్రి 2024 మార్చి 4న ఆదిలాబాదు వేదిక మీదినుండే జాతికి అంకితం చేశారు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని జైపూర్ దగ్గర సింగరేణివారి 1,200 మెగావాట్ల కేంద్రం ఉన్నది. గోదావరికి ఇరువైపులా ఉన్న మన నేలలోంచే బొగ్గు, మన నదిలోంచే నీరు, మన పల్లెల పక్కనే బూడిద చెరువులు. వెలుగు మాత్రం రాష్ట్రాలు దాటిపోతుంది. దీపం కింద చీకటి అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయినా నా సమాధానం ఇది. విద్యుత్ కేంద్రపు పొగ రెండు వందల మీటర్లకు పైబడిన గొట్టం నుండి వెలువడుతుంది. దానికి ధూళిని పట్టే యంత్రాలు బిగించవచ్చు, గంధకాన్ని తొలగించే పరికరాలు పెట్టవచ్చు. ఒక్క చోట ఉన్నది గనుక చట్టంతో అదుపు చేయవచ్చు. వేలాది ఆటోల గొట్టాలను ఆ విధంగా అదుపు చేయలేం; పైగా అవి సరిగ్గా మన ముక్కు దగ్గరే పొగ వదులుతాయి. రామగుండంలోనే 2022 జూలై నుండి 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తిస్థాయిలో పనిచేస్తున్నది. కరెంటు పుట్టుక శుభ్రమైనకొద్దీ కరెంటు బండి కూడా శుభ్రమవుతుంది. డీజిల్ బండి మాత్రం పాతబడేకొద్దీ మరింత మురికి అవుతుంది.

అంతమాత్రాన రామగుండం వాసుల ఊపిరిని పణంగా పెట్టి నగరాలు గాలి శుభ్రం చేసుకోవడానికి నేను ఒప్పుకోను. విద్యుత్ కేంద్రాల గంధక వాయువులపై 2015 డిసెంబరులో నిబంధనలు వచ్చాయి. గడువులు మళ్లీ మళ్లీ పొడిగించారు. 2025 జూలైలో దేశంలోని అత్యధిక బొగ్గు కేంద్రాలకు ఆ పరికరాల నుండి మినహాయింపే ఇచ్చారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుండి హైదరాబాదు, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ ఉన్నాయి, రామగుండం లేదు. పొగను భరించే జాబితాలో మొదట ఉండి, ఉపశమనం పొందే జాబితాలో కనిపించని ప్రాంతం మనది. ఆ ఉపశమనంలో మొదటి వాటా మనదేనని అడిగే నైతిక హక్కు కూడా అందుకే మనకున్నది.

టైర్ల అరుగుదల వల్ల, రోడ్డు దుమ్ము వల్ల వచ్చే కణాలు విద్యుత్ వాహనాలతోనూ పోవు. గ్రానైట్ లారీల దుమ్ము పోదు. చెత్త కాల్చడం వల్ల వచ్చే పొగ పోదు. విద్యుత్ ఆటో సర్వరోగ నివారిణి కాదు. కాని మందు ఒక్క రోగానికే పనిచేస్తుందని ఆ మందును పారేసే వైద్యుడుంటాడా?

డబ్బు లేదన్న మాట నేడు చెల్లదు. 2024 అక్టోబరు 1న మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకానికి 10,900 కోట్లు కేటాయించారు. అందులో 2,000 కోట్లు కేవలం బహిరంగ ఛార్జింగ్ కేంద్రాలకే. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకే 48,400 ఛార్జర్లను లక్ష్యంగా పెట్టుకున్నారు. మార్గదర్శకాల ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణలో పెట్టే కేంద్రాలకు, ప్రజలందరికీ ప్రవేశం కల్పించే షరతు మీద, ట్రాన్స్‌ఫార్మరు, కేబుళ్ల ఖర్చు, ఛార్జరు ఖర్చు నూటికి నూరు శాతం కేంద్రమే భరిస్తుంది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల లైను ఖర్చులో 80 శాతం, ఛార్జరు ఖర్చులో 70 శాతం ఇస్తుంది. రాష్ట్రం చేయవలసినదల్లా స్థలాలు గుర్తించి, గిరాకీ లెక్కగట్టి, ప్రతిపాదనలు పంపడమే.

ఈ పథకంలోనూ ఒక మెలిక ఉన్నది. పది లక్షలకు మించిన జనాభా గల నగరాలు, స్మార్ట్ సిటీలు, రాజధానులు, రద్దీ రహదారులు వంటి వాటికి ప్రాధాన్యం అన్నారు. కరీంనగర్ 2017లో స్మార్ట్ సిటీగా ఎంపికైంది కనుక గడప దాటగలదు. ఆదిలాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే ఆసరా. రహదారి మీద పెట్టే పెద్ద ఛార్జరు నాగపూర్ వెళ్లే కారుకు ఉపయోగపడుతుంది. ఇంద్రవెల్లి నుండి, ఉట్నూరు నుండి రోగులను రిమ్స్ ఆసుపత్రికి తెచ్చే ఆటోకు కావలసింది అది కాదు. అతనికి ఆసుపత్రి ఆవరణలో నీడ, ఒక సాధారణ 3.3 కిలోవాట్ల పాయింటు కావాలి. రోగికి ఓపీ చీటీ, పరీక్షలు, మందులు పూర్తయ్యేసరికి రెండు గంటలు పడుతుంది. ఒక్క గంట కరెంటుతో ఆటో ముప్ఫై, నలభై కిలోమీటర్లు పోగలదు. ఇంటికి తిరిగి చేరతామన్న ధైర్యం లేకనే గదా ఏజెన్సీలో విద్యుత్ ఆటో అడుగు పెట్టనిది!

కనుక మన ప్రాంత పాలకులను నేను అడిగేవి నాలుగు. ఒకటి, కరీంనగర్ ప్రభుత్వ ప్రధాన ఆసుపత్రి, ఆదిలాబాద్ రిమ్స్, మంచిర్యాల, జగిత్యాల, ఆసిఫాబాద్, నిర్మల్ వంటి జిల్లా కేంద్రాల ఆసుపత్రుల ఆవరణలలో నూరు శాతం రాయితీతో ఛార్జింగ్ పాయింట్లు పెట్టించండి. రెండు, గుర్తింపు పొందిన ప్రతి ఆటో అడ్డా దగ్గర, ప్రతి కూరగాయల మార్కెట్ దగ్గర చిన్న పాయింట్లు ఏర్పాటు చేయండి. పెద్ద కార్ల ఛార్జరు ఒక్కటి పెట్టి ఫొటో దిగకండి. మూడు, కిరాయి ఇళ్లలో ఉండే డ్రైవర్లకు రాత్రిపూట బండి నిలిపి ఛార్జి చేసుకునే కాపలా ఉన్న షెడ్లను మున్సిపల్ స్థలాలలో కట్టించండి. నాలుగు, పెట్టిన ఛార్జరు పనిచేస్తున్నదో లేదో చూసే బాధ్యతను ఒక అధికారికి పేరుపెట్టి అప్పగించండి. చెడిపోయిన ఛార్జరు, ఆక్సిజన్ లేని సిలిండరు ఒకటే. రెండూ ఉన్నట్లే కనిపించి అవసరానికి మోసం చేస్తాయి.

పాఠకులారా, మీరు చేయవలసినదీ ఉన్నది. మీ వార్డులో ఛార్జింగ్ పాయింటు కావాలని మున్సిపల్ కమిషనరుకు, కలెక్టరుగారి ప్రజావాణిలో ఒక దరఖాస్తు ఇవ్వండి. ఆటో యూనియన్లవారు కలిసికట్టుగా ఇస్తే మరీ మంచిది. ఇల్లు అద్దెకిచ్చినవారు దయచేసి ఆరుబయట ఒక ప్లగ్గు, దానికొక విడి మీటరు పెట్టించి, కిరాయిదారును వాడుకోనివ్వండి. అతను వాడిన కరెంటు బిల్లు మీ జేబులోంచి పోదు.

ఆ రోజు వచ్చేవరకు ఈ జాగ్రత్తలు మరువకండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరునే వాడండి. పడకగదిలో, బయటికి పోయే దారికి అడ్డంగా, గ్యాస్ సిలిండరు దగ్గర బ్యాటరీ పెట్టవద్దు. అందరూ నిద్రపోయాక ఛార్జింగులో వదలవద్దు. ఎండలో తిరిగి వచ్చిన వేడి బ్యాటరీని చల్లారిన తరువాతనే ప్లగ్గు పెట్టండి. బ్యాటరీ ఉబ్బినా, నీట మునిగినా, వింత వాసన వచ్చినా దానిని మళ్లీ ఛార్జి చేయకండి. మంట లేస్తే సామాను కోసం ఆగకుండా అందరూ బయటికి వచ్చి 101కు ఫోను చేయండి.

నేను చెప్పిన ఆటో డ్రైవరు ఇప్పటికీ డీజిల్ బండే నడుపుతున్నాడు. ఇన్‌హేలర్ మోతాదు పెరిగింది. మందు వ్రాయడం నా చేతిలో ఉన్నది, వ్రాశాను. అతనికి నిజంగా కావలసిన మందు ఒక కరెంటు స్తంభం పక్కన, ఒక చెట్టు నీడన, ఒక ప్లగ్గు. అది వ్రాయగల చేతులు కలెక్టరేటులో, కార్పొరేషనులో, సచివాలయంలో ఉన్నాయి. ఆ చేతులు కదిలేవరకు అడుగుతూ ఉండటం మన వంతు.